బంగారం పండిన ఊరి తిరునాళ్ళు

మన దేశంలో ఏ ఊరి తిరునాళ్ళు చూసినా దేవుడి పేరనో, అమ్మవారి పేరనో జరుగుతాయి. రథం కదులుతుంది, బాజాలు మోగుతాయి, పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు పిల్లల చెయ్యి పట్టుకుని బొమ్మల అంగళ్ళ ముందు నిలబడతారు. ఒక ఊరు తాను పుట్టిన కథనే పండుగ చేసుకోవడం మనకు అంత అలవాటైన సంగతి కాదు. ఆస్ట్రేలియా దేశంలో విక్టోరియా రాష్ట్రంలో బెండిగో అనే ఊరుంది. మెల్‌బోర్న్ మహానగరానికి సుమారు 150 కిలోమీటర్ల దూరం. ఆ ఊరి పండుగ 1871లో మొదలైంది. ఏటా ఈస్టర్ సెలవుల్లో జరుగుతుంది. ఈస్టర్ అనగానే వసంతకాలం అనుకునేరు! భూగోళానికి అటువైపు కాబట్టి వాళ్ళకది ఆకులు రాలే కాలం. ఎండ తగ్గి, గాలి చల్లబడి, జనం వీధుల్లోకి రావడానికి వీలైన రోజులన్నమాట.

ఈ పండుగలో ఊరేగేది ఏ దేవుడూ కాదు. వంద మీటర్లకు పైగా పొడవున్న ఒక డ్రాగన్! అదీ చైనా డ్రాగన్. ఆస్ట్రేలియాలో తెల్లవారు కట్టుకున్న ఊళ్ళో, క్రైస్తవుల పండుగ నాడు, చైనా డ్రాగన్ ఎందుకు ఊరేగుతుంది? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకుంటే ఆ ఊరి చరిత్ర అంతా చెప్పుకున్నట్టే.

కథ 1851లో మొదలవుతుంది. అప్పటికి అక్కడ ఊరు లేదు. గొర్రెలు మేపుకునే పెద్ద పెద్ద బీళ్ళు, మధ్యలో ఒక వాగు, అక్కడక్కడ కాపరుల గుడిసెలు. ఆ ఏడాది చివరి నెలల్లో మార్గరెట్ కెన్నెడీ, జూలియా ఫారెల్ అనే ఇద్దరు ఇల్లాళ్ళు వాగులోని మట్టిని నీళ్ళతో కడిగి బంగారపు రవ్వలు తీయడం మొదలుపెట్టారు. ఒకామె భర్త ఆ గొర్రెల మందల మీద పెత్తనం చేసేవాడు, మరొకామె భర్త పీపాలు చేసేవాడు. ఎవరు ముందు చూశారన్న దాని మీద తరువాత పెద్ద తగాదా వచ్చింది. 1890లో విక్టోరియా శాసనసభ విచారణ సంఘాన్ని కూడా వేసింది. మేమంటే మేమని చాలామంది మగవాళ్ళు ముందుకు వచ్చారు. అయినా ఈనాడు ఆ ఊరి చరిత్ర చెప్పేవారు ఎక్కువగా ఈ ఇద్దరి పేర్లే తలచుకుంటారు.

మట్టిలోంచి బంగారం తీయడం ఎలాగో మనకు వేరే చెప్పనక్కర్లేదు. రోజూ మనం వంటింట్లో చేసే పనే అది. బియ్యం గాలిస్తాం చూడండి, సరిగ్గా అలాగే. గిన్నెలో నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పుతుంటే తేలికైన బియ్యం నీళ్ళతో పాటు అవతలి గిన్నెలోకి జారిపోతాయి. బరువైన రాళ్ళు అడుగున ఉండిపోతాయి. బంగారం నీటికంటే పంతొమ్మిది రెట్లు బరువు, ఇసుకకన్నా ఎన్నో రెట్లు బరువు. పళ్ళెంలో మట్టి, నీళ్ళు పోసి తిప్పితే మట్టీ ఇసకా కొట్టుకుపోయి బంగారం అడుగున నిలుస్తుంది. మనం అడుగున మిగిలినదాన్ని పారబోస్తాం, వాళ్ళు దాన్ని దాచుకుంటారు. తేడా అంతే! ఎక్కువ మట్టి కడగడానికి పిల్లల ఊయల లాంటి చెక్కపెట్టె చేసుకుని దాన్ని ఊపేవారు. దాని పేరు కూడా ఊయలే.

బంగారం సంగతి ఎంతకాలం దాగుతుంది? కొద్ది నెలల్లోనే వేల కొద్దీ జనం వచ్చిపడ్డారు. ఇంగ్లండు, ఐర్లండు, జర్మనీ, అమెరికా, ఒకచోటనేమిటి. గుడ్డ గుడారాలు లేచాయి. మంచినీళ్ళకు కరువు, కూరలకు కరువు. మగవాళ్ళ వెంట వచ్చిన ఆడవాళ్ళు గుడారాల్లోనే పురుళ్ళు పోసుకున్నారు, రొట్టెలు కాల్చారు, బట్టలు ఉతికారు, దుకాణాలు నడిపారు. మెల్‌బోర్న్ నుంచి గనుల దాకా పిల్లలతో నడిచి వచ్చే కుటుంబాలు రాత్రి తలదాచుకోవడానికి కారొలిన్ చిషోమ్ అనే ఆమె పట్టుబట్టి దారి పొడవునా విడిది షెడ్లు కట్టించింది.

తవ్వుకునే ప్రతి మనిషీ సర్కారుకు నెలకు ముప్పై షిల్లింగులు లైసెన్సు రుసుము కట్టాలి. బంగారం దొరికినా సరే, దొరక్కపోయినా సరే! 1853లో బెండిగో తవ్వకందార్లు టోపీలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని దీన్ని ఎదిరించారు. వేలాది సంతకాలతో అర్జీ రాసి గవర్నరుకు ఇచ్చారు. 13 మీటర్ల పొడవున్న ఆ అర్జీ ఇప్పటికీ మెల్‌బోర్న్‌లోని రాష్ట్ర గ్రంథాలయంలో భద్రంగా ఉంది. మరుసటి ఏడాది, 1854 డిసెంబరులో, పక్కనున్న బల్లారట్ గనుల్లో ఏకంగా కాల్పులే జరిగాయి. ఆ తరువాత 1855లో నెలనెలా కట్టే రుసుము పోయి ఏడాదికి ఒక్క పౌను కడితే చాలన్న పద్ధతి వచ్చింది. ఇది పేదవాళ్ళు గెలిచిన పోరాటం. అక్కడి పిల్లల పాఠాల్లో గొప్పగా చెప్పుకునేదీ ఇదే.

అదే 1855లో మరో చట్టం కూడా వచ్చింది. దాని సంగతి చాలాకాలం ఎవరూ అంత గొప్పగా చెప్పుకోలేదు. దక్షిణ చైనాలోని క్వాంగ్‌టుంగ్ ప్రాంతం నుంచి వేలాది రైతు కుటుంబాల మగవాళ్ళు ఈ గనులకు వస్తూండేవారు. అక్కడ కరువు, కలహాలు, అప్పులు. ఓడ ఖర్చు అప్పుగా తెచ్చుకుని వచ్చి, పని చేసి ఇంటికి డబ్బు పంపేవారు. బెండిగోకు వాళ్ళు పెట్టుకున్న పేరు ‘దాయ్ గమ్ సాన్’. పెద్ద బంగారు కొండ అని అర్థం. తెల్లవాళ్ళు విసుగుపడి వదిలేసిన గుంటల్లోని మట్టినే వీళ్ళు ఓపికగా మళ్ళీ కడిగి బంగారం తీసేవారు. కూరగాయల తోటలు వేసి ఊరికంతా కూరలు అమ్మేవారు. 1854లో బెండిగోలోనే కొందరు సభ చేసి చైనీయులను గనుల నుంచి తరిమివేయాలని తీర్మానించుకున్నారు. పోలీసులు అడ్డుపడబట్టి అది జరగలేదు. 1855 చట్టం మాత్రం విక్టోరియా రేవుల్లో దిగే ప్రతి చైనీయుడి మీదా పది పౌన్ల పన్ను వేసింది.

పన్ను తప్పించుకోవడానికి వాళ్ళేం చేశారంటే, పక్క రాష్ట్రమైన దక్షిణ ఆస్ట్రేలియాలో రోబ్ అనే చిన్న రేవులో దిగేవారు. పదహారు వేలమందికి పైగా అలా దిగారు. అక్కడినుంచి కావళ్ళు భుజాన వేసుకుని నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు అడవిదారిన నడిచి గనులు చేరేవారు. కావడి అంటే మనకు తెలియనిదా! వెదురుబద్దకు రెండువైపులా తట్టలు, ఒకదానిలో బియ్యం, ఒకదానిలో పనిముట్లు. తమ మీద వేసిన అన్యాయపు రుసుముకు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న తవ్వకందార్లలో ఎక్కువమందికి, పక్క గుడారం వాడి మీద వేసిన పన్ను అన్యాయంగా తోచలేదు. అది ఏ ఒక్క దేశపు గుణమో కాదు. మన ఇళ్ళలోనూ, మన వాడల్లోనూ వెదికితే దొరుకుతుంది.

ఇప్పుడు 1871కి వద్దాం. వాగుల్లో పైపైన దొరికే బంగారం అయిపోయింది. నేలలోతుకు దిగి తెల్లటి పలుగు రాతిని పిండి చేసి బంగారం తీసే కంపెనీలు వచ్చాయి. ఆ రాతి పొడి పీల్చి పనివాళ్ళ ఊపిరితిత్తులు చెడిపోయేవి. గని కూలి కాళ్ళు పోయేవి. పైగా, ఇరవై ఏళ్ళ కిందట పడుచువాళ్ళుగా, ఒంటరిగా వచ్చినవాళ్ళు ఇప్పుడు వయసు మళ్ళుతున్నారు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఉన్నా సముద్రాల అవతల ఉన్నారు. ఆ రోజుల్లో సర్కారు పింఛను అన్న మాటే లేదు. రోగం వస్తే ఆసుపత్రి, కాలూ చెయ్యీ ఆడకపోతే అనాథ వృద్ధుల ఆశ్రమం, అవే దిక్కు. ఆ రెండింటికీ చందాలే ఆధారం. ఆ చందాల కోసం పెట్టిందే ఈస్టర్ సంత. అంటే ఈ పండుగ పుట్టింది బంగారాన్ని పొగుడుకోవడానికి కాదన్నమాట. బంగారం కోసం వచ్చి దెబ్బతిన్నవాళ్ళకు మందూ మంచమూ సమకూర్చడానికి పుట్టింది.

1879 నుంచి చైనీయులు ఈ సంతలో పాలు పంచుకున్నారు. ఆలోచించండి, పాతికేళ్ళ కిందట తమను తరిమివేయాలని సభ పెట్టిన ఊరు అది. ఆ ఊరి ఆసుపత్రికి డబ్బు పోగుచేయడానికి వీళ్ళు తమ పట్టుబట్టలు, జెండాలు, బాజాలు, నాటకాలు తీసుకుని వీధిలోకి వచ్చారు. తమలో తాము చందా వేసుకుని చైనా నుంచి ఊరేగింపు సామగ్రి తెప్పించారు. జరీ పనిచేసిన ఎత్తయిన పతాకాలు, ఈకల కిరీటాలు, అద్దాలు పొదిగిన అంగరఖాలు. చూడటానికి మెల్‌బోర్న్ నుంచి రైళ్ళ మీద జనం వచ్చేవారు. చూస్తూండగానే సంతకు ప్రాణం ఈ ఊరేగింపే అయికూర్చుంది.

వాళ్ళు తెప్పించుకున్న పాత డ్రాగన్ పేరు ‘లూంగ్’. లూంగ్ అంటేనే వాళ్ళ భాషలో డ్రాగన్. మన కథల్లో రాక్షసుడిలా అది పీడించేది కాదు. వానలు కురిపించే, శుభం కలిగించే ప్రాణి అని వాళ్ళ నమ్మకం. 1901లో ఆస్ట్రేలియా రాష్ట్రాలన్నీ కలిసి ఒక దేశం అయినప్పుడు మెల్‌బోర్న్‌లో జరిగిన ఉత్సవాల్లో ఈ లూంగ్ ఊరేగింది. జనం చప్పట్లు కొట్టారు. అదే సంవత్సరం ఆ కొత్త దేశపు పార్లమెంటు వలసల నిరోధక చట్టం చేసింది. వచ్చిన మనిషికి ఏదో ఒక ఐరోపా భాషలో యాభై మాటలు చదివి రాయమనేవారు. అది ఏ భాషో ఎంచుకునేది అధికారే! వద్దనుకున్న మనిషికి రాని భాష చూసి పెట్టేవారు. డ్రాగన్ వీధిలో ఆడవచ్చు గాని, దాన్ని మోసేవాడి తమ్ముడు ఓడ దిగడానికి వీల్లేదన్నమాట. 1908లో దేశమంతటికీ ముసలివారి పింఛను చట్టం వచ్చినప్పుడు, ఆస్ట్రేలియాలో పుట్టిన వారు తప్ప మిగతా ఆసియావాసులకు అది లేదన్నారు. ముప్పై ఏళ్ళపాటు ఊరి ముసలివాళ్ళ కోసం ఊరేగి చందాలు పోగుచేసినవాళ్ళకు ఆఖరికి దక్కింది అది.

ఆ యాభై మాటల పరీక్ష 1958లో రద్దయింది. రంగును బట్టి మనుషులను రానిచ్చే విధానం 1973 నాటికి పూర్తిగా తొలగింది. మధ్యలో ఆ అరవై డెబ్భై ఏళ్ళలో బెండిగోలో చైనా కుటుంబాలు కొద్దిగానే మిగిలాయి. అయినా మిగిలినవాళ్ళు ఊరేగింపు మానలేదు. మోయడానికి తమ మగవాళ్ళు చాలకపోతే ఊళ్ళో తెల్లవాళ్ళ కుర్రాళ్ళు వచ్చి భుజం పట్టారు. పాత లూంగ్ చీకిపోతే 1970లో ఊరివాళ్ళు కలిసి హాంకాంగ్‌లో కొత్తదాన్ని చేయించారు. దాని పేరు ‘సన్ లూంగ్’, అంటే కొత్త డ్రాగన్. సుమారు వంద మీటర్ల పొడవు. యాభైమందికి పైగా మోయాలి. అది కూడా అర్ధశతాబ్దం ఆడి అలసిపోయాక, 2019లో ‘దాయ్ గమ్ లూంగ్’ వచ్చింది. 125 మీటర్ల పొడవు, వేల కొద్దీ పొలుసులు, అన్నీ చేత్తో కుట్టినవే. పాతకాలపు బంగారు కొండ పేరులోంచే దానికి పేరు పెట్టారు, పెద్ద బంగారు డ్రాగన్ అని.

కొత్త డ్రాగన్‌కు కళ్ళు దిద్దితేగాని ప్రాణం రాదని చైనా సంప్రదాయం. మన శిల్పులు విగ్రహానికి చివర కళ్ళు తెరిపించడం లాంటిదే. పండుగ రోజుల్లో నిద్రపోతున్న డ్రాగన్‌ను లేపడం ఒక పెద్ద వేడుక. సింహపు వేషాలు, డప్పులు, సరాలు సరాలుగా ఎర్ర టపాకాయలు. పిల్లలు చెవులు మూసుకుని కేరింతలు కొడతారు. రాత్రి దీపాలతో, కాగడాలతో నిప్పులార్పే దళాలవారి ఊరేగింపు ఒకటి ఉంటుంది. అది కూడా పాతకాలం నుంచి వస్తున్నదే. గుడారాల ఊరికి నిప్పు ఎంత భయమో మనకు తెలుసు కదా, ఆ భయం నుంచి పుట్టిన గౌరవం అది. ఇక తినుబండారాలు, రంగులరాట్నాలు, బ్యాండ్లు, బళ్ళ పిల్లల నాట్యాలు, ఇవన్నీ మన తిరునాళ్ళలాగే.

పండుగకు వెళ్ళినవారు చూసే స్థలాలు మరికొన్ని ఉన్నాయి. సెంట్రల్ డెబొరా అనే గని 1954లో మూతపడింది. ఇప్పుడు తలకు టోపీలు పెట్టి జనాన్ని లోపలికి దింపి, ఆనాటి పని ఎలా ఉండేదో చూపిస్తారు. ఊరి చివర ఎర్రరంగు వేసిన చిన్న చైనా గుడి ఉంది. డ్రాగన్లను దాచి ఉంచే మ్యూజియం 1991లో తెరిచారు. లూంగ్, సన్ లూంగ్ ముసలి తాతల్లా అందులో విశ్రాంతి తీసుకుంటున్నాయి. వైట్ హిల్స్ శ్మశానంలో చైనీయుల సమాధులు వరసగా కనిపిస్తాయి. ఇంటికి డబ్బు పంపుతూ పంపుతూ, తిరిగి వెళ్ళలేకపోయినవాళ్ళవి.

అన్ని సంగతులూ చెప్పుకుని ఒక్కటి విడిచిపెడితే అన్యాయం అవుతుంది. గొర్రెలకంటే ముందు, గుడారాలకంటే ముందు, వేల ఏళ్ళుగా ఆ నేల జా జా వురుంగ్ అనే ఆదివాసులది. బంగారం కోసం వాగులన్నీ తవ్వి, అడవులు నరికి, మట్టిని తిరగేసిన ఆ నేలను వాళ్ళు ‘తలకిందులైన దేశం’ అంటారు. ఎవరి బంగారం వేట? ఎవరి నేల మీద? 2013లో విక్టోరియా ప్రభుత్వం వాళ్ళతో ఒక ఒప్పందం చేసుకుని ఆ నేల సంప్రదాయ హక్కుదారులు వారేనని ఒప్పుకుంది. బెండిగో గనుల్లోంచి ఇంతవరకు సుమారు 2 కోట్ల 20 లక్షల ఔన్సుల బంగారం తీశారని లెక్క. ఒక ఔన్సు మన లెక్కలో రెండున్నర తులాల పైమాట. మొత్తం కలిపితే 680 టన్నులకు తక్కువ ఉండదు. అందులో ఈ ఆదివాసుల చేతికి వచ్చింది ఎంత అని అడగాల్సిన పనే లేదు.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి కథ అనుకోకండి. బెండిగోలో సంత మొదలైన రెండేళ్ళకు, 1873లో, న్యూజీలండు బంగారు గనుల సంగతి తెలిసిన మైకేల్ లవెల్ అనే సైనికుడు మన పొరుగున కోలారులో తవ్వుకోవడానికి అనుమతి అడిగాడు. ఆ తరువాత అక్కడ లేచిన కోలారు బంగారు గనుల్లో తమిళులతో పాటు మన చిత్తూరు వైపు నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలూ నలిగాయి. భూమిలోపల మూడు కిలోమీటర్ల లోతుకు దిగి ఉడికిపోయే వేడిలో పని చేశారు. 2001 ఫిబ్రవరిలో ఆ గనులు మూతపడ్డాయి. మన మెడలోని గొలుసులో, చేతి గాజుల్లో ఆ బంగారం రవ్వ ఎంతో కొంత ఉండి ఉంటుంది. బంగారానికి పుట్టిన చోటు రాసి ఉండదు కదా!

బెండిగో పండుగ గొప్పదనం డ్రాగన్ పొడవులో లేదని నాకు అనిపిస్తుంది. ఊరు ఒకప్పుడు వెళ్ళగొట్టాలనుకున్నవాళ్ళు తెచ్చిన వేడుకే ఈనాడు ఆ ఊరికి ముఖ్యమైన గుర్తు అయింది. ఊరు దాన్ని దాచుకోవడం లేదు. అయితే వేడుక చేసుకున్నంత మాత్రాన బాకీ తీరిపోదు. టపాకాయల చప్పుడులో పది పౌన్ల పన్ను మరచిపోతే అది ఉత్త సంబరం. మ్యూజియంలో ఆ పన్ను సంగతి, నాలుగు వందల కిలోమీటర్ల నడక సంగతి పిల్లలకు చెబితేనే అది చరిత్ర అవుతుంది. పేరు దాగిపోయిన మార్గరెట్, జూలియాలను తలచుకున్నట్టే, అందరినీ తలచుకోవాలి.

మన ఊళ్ళకూ ఇలాంటి కథలున్నాయి. చెరువు తవ్వినవాళ్ళు, ఆనకట్ట కట్టినవాళ్ళు, రైలుపట్టాలు వేసినవాళ్ళు, నేత మగ్గాలు తెచ్చినవాళ్ళు ఎవరో ఒకరు ఎక్కడినుంచో వచ్చి ఉంటారు. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు తిరునాళ్ళ సందడి కాస్త సద్దుమణిగాక, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. ఈ ఊరు ఎవరి చేతుల మీదుగా లేచిందత్తయ్యా, వాళ్ళ మనుమలు ఇప్పుడు ఏ వాడలో ఉన్నారు, రథం వాళ్ళ వీధిలోకి వెళుతుందా అని. జవాబు విన్నాక పిల్లలకు చెప్పండి. రథం వెళ్ళని వీధి ఉందని తేలితే, వచ్చే ఏటికైనా అటు తిప్పమని ఇంట్లో మగవాళ్ళతో గట్టిగా అనండి. అలా అనగలిగినవాళ్ళం మనమే.